వరిగడ్డి మీద ఫంగస్ చల్లితే ఇథనాల్ వస్తదా? ఎంజైముల గురించి, లెక్కల గురించి కొంచెం పొడుగు జవాబు

తమ్ముడూ, నీ ప్రశ్న మొత్తం చదివా. మిర్యాలగూడ దగ్గర మీకు రైస్ మిల్లు ఉంది, యాసంగి కోతలయ్యాక చుట్టుపక్కల పొలాల్లో గడ్డి తగలబెడుతున్నరు, నువ్వేమో హైదరాబాద్‌ల ఎమ్మెస్సీ బయోటెక్ అయిపోవస్తున్నవ్. ఎరువుల దుకాణంలో దొరికే ట్రైకోడెర్మా ప్యాకెట్ గడ్డి మీద చల్లి, అది మెత్తబడ్డాక ఈస్ట్ వేసి ఇథనాల్ తీయొచ్చా, రోజుకు ఒక టన్ను గడ్డితో చిన్న యూనిట్ పెడితే నడుస్తదా అని అడిగినవ్. సూటిగా చెప్తా, అట్ల ఇథనాల్ రాదు, ఆ సైజులో యూనిట్ నడవదు. కానీ ఎందుకు రాదో ఎందుకు నడవదో లెక్కతో సహా తెలిస్తే ఇదే సబ్జెక్ట్‌ల నీకు వేరే దారులు కనబడతయ్, అందుకే పొడుగ్గా రాస్తున్నా. నేను ఈ ఎంజైమ్ ఫెర్మెంటేషన్ లైన్‌లనే చాలా ఏళ్ళుగా ఉన్నా, ముందు తార్నాక వైపు ల్యాబుల్లో, తర్వాత జీడిమెట్ల వైపు ఫ్యాక్టరీల్లో. గడ్డిలోని సెల్యులోజ్ అనే నారని చక్కెరగా విరగ్గొట్టే ఎంజైములనే సెల్యులేజ్ అంటరు, అది తయారు చేసుడు, అమ్ముడు రెండూ చూసినోణ్ణి.

మొదలు ఫంగస్‌ని, దాని ఎంజైమ్‌ని వేరు చేసి ఆలోచించాలె. ఫంగస్ గడ్డిని విరగ్గొట్టేది మన కోసం కాదు, తన తిండి కోసం. దానికి నోరు లేదు కాబట్టి ఎంజైముల్ని బయటికి వదులుతది, అవి గడ్డిని చక్కెరగా మార్చంగనే ఆ చక్కెర తనే పీల్చుకుంటది, పెరుగుతది, కార్బన్ డయాక్సైడ్ వదిలేస్తది. నువ్వు ప్యాకెట్ చల్లి నెల రోజులు ఊరుకుంటే గడ్డి నల్లబడి మెత్తగయితది నిజమే, దాంట్ల ఈస్ట్‌కి మిగిలిన చక్కెర మాత్రం ఉండదు, మిగిలేది కంపోస్ట్. ఢిల్లీలోని వ్యవసాయ పరిశోధన సంస్థ ఐఏఆర్ఐ వాళ్ళ పూసా డీకంపోజర్ చేసేది కూడా ఇదే, బెల్లం శనగపిండి నీళ్ళల్లో ఆ క్యాప్సూల్స్ పెంచి పొలంలో కొడితే గడ్డి కుళ్ళి ఎరువైతది. ఆ పనికి అది సరైందే. ఇంధనం కావాలంటే మాత్రం ఫంగస్‌ని వేరే ట్యాంకులో పెంచి, అది నీళ్ళలోకి వదిలిన ఎంజైమ్‌ని వడకట్టి తీసి, ఆ ద్రవాన్ని గడ్డి మీద 50 డిగ్రీల దగ్గర పనిచేయించాలె. 50 డిగ్రీల్లో ఈ ఫంగస్ బతకదు, ఎంజైమ్ మాత్రం హాయిగా పనిచేస్తది, అంటే చక్కెర తినేటోడు లేడు, చేసేటోడే ఉన్నడు. ఈ పరిశ్రమ మొత్తం నిలబడింది ఈ ఒక్క ఏర్పాటు మీదనే.

ప్యాకెట్ సంగతి కూడా చెప్పాలె. ఎరువుల షాపుల్లో అమ్మేది ట్రైకోడెర్మా విరిడి, హార్జియానమ్, ఆస్పెరెల్లమ్ లాంటివి, వేరు కుళ్ళు తెచ్చే ఫంగస్‌ల మీద పోట్లాడటానికి ఏరినవి. వాటికి సెల్యులేజ్ ఉండదని కాదు, ఉంటది, కానీ ఆ గుణం చూసి ఎవరూ వాటిని ఏరలే. ఇండస్ట్రీ వాడేది ట్రైకోడెర్మా రీసై. దీని కథ బాగుంటది. రెండో ప్రపంచ యుద్ధంలో సాలమన్ దీవుల్లో అమెరికా సైన్యం నూలు టెంట్లు, యూనిఫారాలు ఆ తేమలో పుచ్చిపోతుంటే ఏం తింటున్నదో చూడమని ల్యాబుకి పంపినరు. దాంట్ల దొరికిన ఒక రకానికి క్యూఎం6ఏ అని నంబర్ పెట్టినరు, తర్వాత అమెరికాలో నేటిక్‌లోని ఆర్మీ ల్యాబ్‌ల దాని మీద ఏళ్ళ తరబడి పనిచేసిన ఎల్విన్ రీస్ పేరు మీదనే 1977లో దానికి రీసై అని పేరొచ్చింది. ఇప్పుడు ఫ్యాక్టరీలు వాడే ట్రైకోడెర్మా రీసై రకాలన్నీ ఆ ఒక్క టెంట్ గుడ్డ ఫంగస్ పిల్లలే. అమెరికాలోని రట్గర్స్ యూనివర్సిటీలో దాన్నే మ్యూటేషన్లు చేసి రట్ సి30 అనే రకం తీసినరు, ల్యాబుల్లో ఎక్కువగా కనబడేది అదే. 2008లో జీనోమ్ చదివితే అందరూ ముక్కున వేలేసుకున్నరు, ఇంత పేరున్న ఫంగస్‌కి సెల్యులేజ్ జీన్లు మిగతా ఫంగస్‌ల కంటే తక్కువే ఉన్నయని తేలింది. ఉన్న కొద్ది రకాలనే విపరీతమైన మోతాదులో వదులుడు దాని గొప్ప. బాగా ట్రెయిన్ చేసిన ఇండస్ట్రీ రకాలు లీటరుకు 100 గ్రాముల దాకా ప్రొటీన్ వదుల్తయ్.

ఎంజైములు ఏమేం చేస్తయో నీకు పుస్తకాల్లో వచ్చే ఉంటది కాబట్టి తొందరగా పోతా. ఎండోగ్లూకనేజ్ సెల్యులోజ్ గొలుసుని నడిమిట్ల కోస్తది, సెల్లోబయోహైడ్రోలేజ్ కొసల నుంచి రెండు రెండు గ్లూకోజ్‌ల చొప్పున నరుక్కుంటా పోతది, బీటా గ్లూకోసిడేజ్ ఆ జంటని విడగొట్టి గ్లూకోజ్ చేస్తది. ట్రైకోడెర్మాకి ఈ మూడోది తక్కువ, అందుకే సెల్లోబయోస్ పేరుకుపోయి రెండో ఎంజైమ్‌ని అడ్డుకుంటది, అందుకే ఆస్పర్జిల్లస్ నైజర్ నుంచి తీసిన బీటా గ్లూకోసిడేజ్ కలుపుతరు. ఇక 2010 తర్వాత అందరి నోట్ల ఉన్నది ఎల్‌పీఎమ్ఓ అనే ఇంకో ఎంజైమ్, ఇది రాగి అయాన్ పట్టుకుని గట్టి స్ఫటికం లాంటి సెల్యులోజ్ మీద నేరుగా ఆక్సీకరణ చేసి తెగ్గొడ్తది, మిగతా ఎంజైములు దూరలేని చోట దారి చేస్తది. అంతకుముందు వరకూ దీన్ని కూడా మామూలు సెల్యులేజ్‌ల లెక్కలోనే వేసిండ్రు. దీనికి ఆక్సిజన్ గానీ హైడ్రోజన్ పెరాక్సైడ్ గానీ కావాలె, దాంతోపాటు ఎలక్ట్రాన్లు ఇచ్చేది ఇంకొకటి కూడా కావాలె, ఈ ముక్క గుర్తుపెట్టుకో, కింద మళ్ళీ పనికొస్తది.

ఇప్పుడు అసలు గొడవ. నీ ప్రశ్నలో ఒక్క మాట కూడా లేని విషయం, ప్రీట్రీట్‌మెంట్. ఎండు వరిగడ్డిలో సుమారు మూడో వంతు నుంచి 40 శాతం దాకా సెల్యులోజ్, 20 – 25 శాతం హెమిసెల్యులోజ్ (వేరే చక్కెరల గొలుసు), 12 – 18 శాతం లిగ్నిన్ (వీటిని గట్టిగా పట్టి ఉంచే జిగురు లాంటిది), ఆపైన 10 – 15 శాతం బూడిద, అందులో ఎక్కువ భాగం ఇసుకలో ఉండే సిలికానే. పచ్చి గడ్డిని పొడి చేసి దాని మీద ఎంత ఖరీదైన ఎంజైమ్ పోసినా 15 – 20 శాతం సెల్యులోజ్ మాత్రమే విరుగుతది, మిగతాది అట్లనే కూసుంటది, ఎందుకంటే లిగ్నిన్, హెమిసెల్యులోజ్ కలిసి దాన్ని కప్పేసినయ్, ఎంజైమ్ అణువు లోపలికి దూరేంత సందు లేదు. ఆ సందు చేసుడే ప్రీట్రీట్‌మెంట్. పలుచని సల్ఫ్యూరిక్ యాసిడ్‌తో 140 – 190 డిగ్రీల దగ్గర వండొచ్చు, అట్ల హెమిసెల్యులోజ్ కరిగిపోతది, కానీ చక్కెర కొంత మాడి ఫర్‌ఫ్యూరాల్, హెచ్ఎమ్ఎఫ్ అనే పదార్థాలు అయితది, అవి తర్వాత ఈస్ట్‌ని సరిగ్గా పనిచేయనియ్యవు. స్టీమ్ ఎక్స్‌ప్లోజన్ అని ప్రెషర్‌లో ఆవిరి పట్టించి ఒక్కసారిగా వదులుతరు, పెద్ద ప్లాంట్లలో దీన్నే యాసిడ్‌తో కలిపి వాడుడు ఎక్కువ. ల్యాబుల్లో పిల్లలు ఎక్కువగా చేసేది కాస్టిక్ సోడాతో ఆటోక్లేవ్ (ల్యాబ్‌ల ప్రెషర్ కుక్కర్ లాంటిది)ల ఉడికించుడు, ఎందుకంటే సులువు, లిగ్నిన్ బాగా పోతది, రిజల్ట్ కళ్ళకి అందంగా కనబడ్తది. కానీ ఒక్కసారి లెక్క కట్టు. 1 శాతం కాస్టిక్ ద్రావణం, గడ్డికి పది రెట్లు నీళ్ళు, అంటే టన్ను గడ్డికి 100 కిలోల కాస్టిక్. కిలో 40 రూపాయలు అనుకున్నా 4,000 రూపాయలు ఒక్క దాంట్లనే పాయె, దాన్ని కడగడానికి ఇంకా ఎన్నో టన్నుల నీళ్ళు, ఆ కడిగిన నల్ల నీళ్ళు ఎక్కడ పోస్తవ్? పొల్యూషన్ కంట్రోల్ బోర్డు వాళ్ళు ఊకోరు, ఊరోళ్ళు అసలే ఊకోరు. నారాయణపేట చిత్తనూరులో, నిర్మల్ దిలావర్‌పూర్‌లో ధాన్యం ఇథనాల్ ప్లాంట్ల మీద జనం ఎట్ల తిరగబడ్డరో చూసినవ్ గదా, అక్కడ కాస్టిక్ వాషింగ్ లేకుండానే అంత లొల్లి.

తెల్ల కుళ్ళు ఫంగస్‌లతో, అంటే ఫానెరోకీట్, ట్రామెటీస్, మనం తినే ముత్యపు పుట్టగొడుగు లాంటి వాటితో లిగ్నిన్ తినిపించి కెమికల్ లేకుండా ప్రీట్రీట్‌మెంట్ చేద్దాం అనే పేపర్లు కుప్పలుగా ఉన్నయ్, నువ్వు కూడా వాటి వైపు పోతవ్ అనిపించి చెప్తున్నా. లాకేజ్, మాంగనీస్ పెరాక్సిడేజ్, లిగ్నిన్ పెరాక్సిడేజ్ ఈ ఫంగస్‌ల ఆయుధాలు, సైన్స్ చాలా బాగుంటది. పనిలో మాత్రం వారాల తరబడి టైమ్ పడ్తది, ఆ వారాల్లో అది లిగ్నిన్‌తో పాటు నీ సెల్యులోజ్ కూడా కొంత తినేస్తది, టన్నుల గడ్డిని తేమగా, వేరే బూజు పట్టకుండా వారాల పాటు ఉంచుడు అంటే ఎంత షెడ్డు కావాలె! చదువుకి మంచి టాపిక్, వ్యాపారానికి కాదు. పుట్టగొడుగులు పెంచేటోళ్ళ దగ్గర కోత అయిపోయిన గడ్డి సంచులు పారేస్తరు, వాటిలో లాకేజ్ ఇంకా మిగిలి ఉంటది, ప్రాజెక్ట్‌కి కావాలంటే అక్కడి నుంచి తెచ్చుకో, ఖర్చు ఉండదు.

సరే, మొత్తం లెక్క వేద్దాం. టన్ను పొడి గడ్డి, 36 శాతం సెల్యులోజ్ అంటే 360 కిలోలు. నీళ్ళు చేరి విరుగుతది కాబట్టి 1.11 తో గుణిస్తే 400 కిలోల గ్లూకోజ్, దాంట్ల 51 శాతం ఇథనాల్ అంటే 204 కిలోలు, సుమారు 258 లీటర్లు. హెమిసెల్యులోజ్‌లోని జైలాన్ 20 శాతం అనుకుంటే అది కూడా పూర్తిగా మారితే ఇంకో 147 లీటర్లు. కాగితం మీద 400 లీటర్లు. ఇప్పుడు నేల మీదకి రా. పానిపట్‌ల ఇండియన్ ఆయిల్ పెట్టిన 2జీ (రెండో తరం, అంటే గింజల నుంచి కాక గడ్డి లాంటి వాటి నుంచి ఇథనాల్ తీసే) ప్లాంట్ ఉంది, 2022 ఆగస్టు 10న ప్రారంభించినరు, టెక్నాలజీ పుణె ప్రాజ్ వాళ్ళది, ఖర్చు 900 కోట్ల పైనే. ఏడాదికి 2 లక్షల టన్నుల వరిగడ్డి నుంచి 3 కోట్ల లీటర్లు అని వాళ్ళు పెట్టుకున్న లెక్క, అంటే టన్నుకు 150 లీటర్లు. అంత డబ్బు, అంత ఇంజనీరింగ్ పెట్టిన చోట డిజైన్‌లనే 150 అంటే నువ్వు షెడ్డులో 150 కంటే ఎక్కువ తీస్తవని అనుకోవద్దు.

ఎంజైమ్ ఎంత కావాలె? గ్రాము సెల్యులోజ్‌కి 20 మిల్లీగ్రాముల ప్రొటీన్ (ఎంజైమ్ అంటే ప్రొటీనే) అనేది మామూలుగా వేసే డోసు. 360 కిలోలకి 7.2 కిలోల ప్రొటీన్. కిలో ప్రొటీన్ 400 రూపాయలు అనుకో, ఇది నేను లెక్క కోసం అనుకున్న ధర, నువ్వు సప్లయర్‌ని అడిగి మార్చుకో. అప్పుడు రోజుకు 2,880 రూపాయలు, 150 లీటర్ల మీద పంచితే లీటరుకు 19 రూపాయలు ఒక్క ఎంజైమ్‌కే. లీటర్ 70కి అమ్మినవనుకున్నా రోజు ఆమ్దానీ 10,500. ఎంజైమ్ తీసేస్తే 7,600. కాస్టిక్ పద్ధతి అయితే అది తీసేస్తే 3,600. దీంట్లనే గడ్డి కొనుడు, బేలర్ (గడ్డిని బేళ్ళుగా, అంటే కట్టలుగా కట్టే మిషన్) కిరాయి, లారీ, ఆవిరికి కట్టెలో ఊకో, కరెంటు, ఇద్దరు మనుషులు, ఈస్ట్, డిస్టిలేషన్, నల్ల నీళ్ళు, బ్యాంకు కిస్తీ. అయిపాయె. గడ్డి అగ్గువకు దొరుకుతదని అందరూ అంటరు గానీ పొలంలో ఉన్నప్పుడే అది అగ్గువ, నీ గేటు దగ్గరికొచ్చేసరికి కాదు, లారీ నిండా వేసినా బరువు రాదు. ఇంకో మాట, మొక్కజొన్న, నూకల పిండి పదార్థాన్ని విరగ్గొట్టడానికి పట్టే ఎంజైమ్‌తో పోలిస్తే ఇది పదుల రెట్లు ఎక్కువ, అందుకే నూకల నుంచి ఇథనాల్ తీసేటోడు ఎంజైమ్ ధర గురించి అంత ఆలోచించడు, గడ్డి వాడికి మాత్రం ఇది రాత్రి నిద్ర పట్టనియ్యదు.

ఎంజైమ్ నేనే చేసుకుంటా అంటవేమో. చేసుకో, కానీ ఫ్లాస్కులో లీటరుకు 2 గ్రాముల ప్రొటీన్ వచ్చిందంటే 7.2 కిలోలకి రోజూ 3,600 లీటర్ల బ్రాత్ (ఫంగస్‌ని పెంచిన ద్రవం) కావాలె, ఒక్క టన్ను గడ్డి కోసం. ఫంగస్ ఎదగడానికి వారం పడ్తది కాబట్టి ఏడు బ్యాచులు వెనకా ముందూ నడుస్తుండాలె. చూసినవా ఎక్కడికి పోయిందో.

ఇంకో ఇబ్బంది నీళ్ళు. పులిసిన ద్రవంలో 4 శాతం ఇథనాల్ కూడా లేకపోతే డిస్టిలేషన్ ఆవిరి ఖర్చే నిన్ను ముంచుతది. 4 శాతం ఇథనాల్ రావాలంటే 8 శాతం గ్లూకోజ్, దానికి ట్యాంకులో 15 శాతం పైన గడ్డి వేయాలె. ల్యాబ్‌ల అందరూ 2 – 5 శాతంతో చేసి 90 శాతం కన్వర్షన్ అని రాస్తరు. 15 శాతం వేసి చూడు, నీళ్ళన్నీ గడ్డే పీల్చుకుని గట్టిపడ్డ ఉప్మా అయితది, షేకర్ తిరుగుతనే ఉంటది లోపల ఏమీ కదలదు, ఎంజైమ్ ఒక మూల గడ్డి ఒక మూల. అందుకే ఒకేసారి కాకుండా విడతలు విడతలుగా గడ్డి వేస్తరు, ముందు వేసింది పలుచబడ్డాక తర్వాతది. గ్లూకోజ్ పెరిగిన కొద్దీ ఎంజైమ్ కూడా మొరాయిస్తది, దానికి మందు ఈస్ట్‌ని కూడా అదే ట్యాంకులో వేసి చక్కెర పుట్టంగనే తినిపించుడు. కానీ ఎంజైమ్‌కి 50 డిగ్రీలు ఇష్టం, మామూలు ఈస్ట్‌కి 30 – 32, నడిమిట్ల 37 దగ్గర రాజీ పడితే రెండూ సగం సగం పనిచేస్తయ్. ఇక్కడే వేడి తట్టుకునే ఈస్ట్‌ల విలువ. మన ఉస్మానియా మైక్రోబయాలజీ వాళ్ళు కొత్తగూడెం థర్మల్ పవర్ ప్లాంట్ దగ్గరి వేడి మట్టిలో నుంచి అలాంటి ఈస్ట్‌లు ఏరి చాలా కాలం కిందనే పనిచేసినరు, వెతికి చదువు. మే నెలలో మన దగ్గర ఫెర్మెంటర్ చల్లబరచడానికి చిల్లర్ నడిపే కరెంటు బిల్లు చూసినోడికి ఆ పని విలువ బాగా అర్థమైతది. ఇంకా, పైన చెప్పిన ఎల్‌పీఎమ్ఓ, ఈస్ట్ ఉన్న ట్యాంకులో ఆక్సిజన్ ఉండదు కాబట్టి అది చేతులు కట్టుకుని కూసుంటది. కొత్త ఎంజైమ్ మిక్సులకి ఎక్కువ డబ్బు పెట్టి కొని ఇట్ల వాడితే ఆ ఎక్కువ పెట్టింది దండగ, ముందు కొన్ని గంటలు గాలి తగిలేటట్టు 50 డిగ్రీల్లో నడిపి తర్వాత ఈస్ట్ వేసుడు మేలు.

హెమిసెల్యులోజ్ నుంచి వచ్చే జైలోజ్ అనే చక్కెరని మామూలు బేకరీ ఈస్ట్ ముట్టుకోదు, ఇది కూడా తెలుసుకో. దానికి జీన్లు మార్చిన ఈస్ట్ కావాలె. ఆ జీన్లలో బాగా పేరున్నది పైరోమైసెస్ అనే ఫంగస్ నుంచి వచ్చిన జైలోజ్ ఐసోమరేజ్, 2003లో నెదర్లాండ్స్‌లోని డెల్ఫ్ట్ యూనివర్సిటీ వాళ్ళు ఈస్ట్‌లో పెట్టినరు. ఆ పైరోమైసెస్ దొరికింది ఎక్కడనుకున్నవ్, ఇండియన్ ఏనుగు పేడలో. గడ్డి తినే జంతువుల కడుపులో ఆక్సిజన్ లేకుండా బతికే ఫంగస్‌లు ఒక ప్రత్యేక జాతి, 1975 దాకా అవి ఫంగస్‌లని కూడా ఎవరూ ఒప్పుకోలే. మన బర్రె కడుపులో కూడా ఇలాంటివే ఉంటయ్. నాకు వీటి మీద కొంచెం పిచ్చి, అందుకే చెప్పిన.

పెద్ద కంపెనీలు ఎట్ల మునిగినయో కూడా చూడు, భయపెట్టడానికి కాదు. డ్యూపాంట్ వాళ్ళు అయోవాలో 2015లో పెద్ద ప్లాంట్ తెరిచి 2017లో మూసినరు, వాళ్ళు ఎంజైమ్ తామే చేసుకునే కంపెనీ, అయినా. ఇటలీ క్రెసెంటినోలో ఉన్నది 2013లో మొదలై 2017లో ఆగింది, తర్వాత చేతులు మారింది. రొమేనియాలో క్లారియంట్ వాళ్ళ పొడారి ప్లాంట్ 2023 చివర్లో మూత, అక్కడైతే ఎంజైమ్ ప్లాంట్‌లోనే తయారు చేసుకునే పద్ధతి పెట్టినరు. కాబట్టి ఎంజైమ్ చవకైతే చాలు అనేది నేను నమ్మను. రాళ్ళు మట్టి కలిసిన గడ్డి, సిలికాకి అరిగిపోయే స్క్రూలు, పేరుకుపోయే బేళ్ళు, తడిసి కుళ్ళే బేళ్ళు, ఇవన్నీ ఎంజైమ్ కంటే ముందు వచ్చే తలనొప్పులు. వాటి గురించి ఒక్క పేపర్‌లో కూడా గ్రాఫ్ ఉండదు. బ్రెజిల్‌లో రైజెన్ వాళ్ళు కొన్నేళ్ళన్నా నడపగలిగినరంటే వాళ్ళకి చెరుకు పిప్పి మిల్లు లోపలే తయారుగా ఉండేది, ఊరూరా తిరిగి ఏరేది లేదు.

ఇక నీ ప్రాజెక్ట్ కోసం ల్యాబ్ సంగతులు, ఇది నిజంగా నీకు పనికొచ్చే భాగం. ప్రీట్రీట్ చేసి కడిగిన గడ్డిని ఓవెన్‌లో ఎండబెట్టకు. అందరూ చేసేది ఇదే, తూకం సరిగ్గా రావాలని. ఎండితే దాంట్ల సందులు కూలిపోయి మూసుకుపోతయ్, మళ్ళీ నీళ్ళల్లో వేసినా పూర్తిగా తెరుచుకోవు, ఎంజైమ్ మీద అనుమానం వస్తది. నీళ్ళు పిండేసి తడిగానే ఫ్రిజ్‌లో పెట్టు, అందులో కొంచెం తీసి తేమ విడిగా చూసుకో. ఎంజైమ్‌తో విరగ్గొట్టేటప్పుడు బఫర్ సిట్రేట్, పీహెచ్ 4.8 – 5, 50 డిగ్రీలు, 72 గంటలు. బూజు పట్టకుండా సోడియం అజైడ్ 0.02 శాతం వేస్తరు, అది విషం, గట్టి యాసిడ్‌తో కలవనియ్యొద్దు, తర్వాత ఈస్ట్ వేసే బ్యాచులో అసలే వేయొద్దు. పోల్చి చూసుకోవడానికి గడ్డి మాత్రమే ఉన్న బ్లాంక్ ఒకటి, ఎంజైమ్ మాత్రమే ఉన్న బ్లాంక్ ఒకటి తప్పకుండా పెట్టు, కొన్న ఎంజైమ్ సీసాలోనే బోలెడు చక్కెర ఉంటది, దాన్ని నీ గడ్డి నుంచి వచ్చిన గ్లూకోజ్‌గా రాసుకున్నోళ్ళని చూసినా.

ఎంజైమ్ బలం కొలవడానికి ఫిల్టర్ పేపర్ పరీక్ష చేస్తవ్, 1987లో ఐఐటీ ఢిల్లీ ఘోష్ గారు రాసిన పద్ధతే ప్రపంచమంతా వాడేది. వాట్‌మన్ 1 నంబర్ కాగితం 50 మిల్లీగ్రాములు, ఒక గంట, 2 మిల్లీగ్రాముల గ్లూకోజ్ వచ్చే డైల్యూషన్ (ఎంజైమ్‌ని ఎంత పలుచన చేయాలో) పట్టుకోవాలె. ఒక్క డైల్యూషన్‌లో రీడింగ్ తీసి గుణించేస్తే ఆ నంబర్ చెల్లదు, ఈ పరీక్ష సూటి గీత కాదు, రెండు వైపులా డైల్యూషన్లు పెట్టి నడిమిట్ల విలువ తీయాలె. ఇంకా డీఎన్ఎస్ అనే చక్కెర కొలిచే రంగు పరీక్షని గడ్డి నుంచి వచ్చిన రంగు నీళ్ళల్లో నమ్మలేం, లిగ్నిన్ ముక్కలు కూడా దాన్ని ఎర్రగా చేస్తయ్. చక్కెరలని విడదీసి కొలిచే హెచ్‌పీఎల్‌సీ మిషన్ దొరికితే అదే మేలు, దొరకకపోతే డయాగ్నస్టిక్ ల్యాబులు వాడే జీఓడీ పీఓడీ గ్లూకోజ్ కిట్ తెచ్చుకో, గ్లూకోజ్‌ని మాత్రమే చూపిస్తది, దాంట్ల కూడా రంగు బ్లాంక్ పెట్టుకో. కన్వర్షన్ శాతం లెక్కలో వచ్చిన గ్లూకోజ్‌ని 0.9తో గుణించి సెల్యులోజ్‌తో భాగించాలె. ఆ సెల్యులోజ్ ఏది? ప్రీట్రీట్ చేసిన తర్వాతదా, మొదటి గడ్డిలోదా? నీళ్ళల్లో కొట్టుకుపోయింది వదిలేసి తర్వాతదానితో భాగిస్తే 90 వస్తది, మొదటి దానితో భాగిస్తే 65 వస్తది. రెండూ రాయి. వైవాలో ఎగ్జామినర్ తెలిసినోడైతే మొదటి ప్రశ్న అదే. ఇంకొక చిట్కా, కొంచెం ట్వీన్ 20 గానీ పీఈజీ 4000 గానీ కలిపితే ఎంజైమ్ పోయి లిగ్నిన్‌కి అంటుకుపోవుడు తగ్గుతది, డోసు తగ్గించుకోవచ్చు.

వ్యాపారం సంగతి. ఇథనాల్ కాయించాలంటే ఎక్సైజ్ పర్మిషన్ కావాలె, ప్రయోగం అని చెప్పి మిల్లు వెనక డిస్టిల్ చేసినవంటే కేసు అయితది, నాన్నని ఇరికించకు. గడ్డితోనే ఏదో ఒకటి చేయాలంటే బయోగ్యాస్ నీ సైజుకి దగ్గర, అక్కడ ఎంజైమ్ కొనే పనిలేదు, బ్యాక్టీరియానే ఆ పని చేసుకుంటది. పంజాబ్ సంగ్రూర్ జిల్లా లెహ్రాగాగాలో వెర్బియో వాళ్ళు 2022 నుంచి వరిగడ్డితో రోజుకు 33 టన్నుల కంప్రెస్డ్ గ్యాస్ లెక్కన ప్లాంట్ పెట్టినరు. నువ్వు అంత పెద్దది కాకున్నా ముందు మిల్లు అవసరాలకు పేడ కలిపి చిన్నది పెట్టి చూడొచ్చు. పేడ లేకుండా గడ్డి ఒక్కటే వేస్తే నైట్రోజన్ సరిపోక ఆగుతది, తేలి పైన అట్ట కడ్తది, అది వేరే కథ.

ఫంగస్ మీదనే మనసు ఉంటే ఎంజైమ్ అమ్ము, ఇంధనం కాదు. మీ మిల్లులో తవుడు ఉంది, ఫంగస్‌కి అది మంచి తిండి. మామూలుగా గోధుమ తవుడు, కొంచెం ప్రీట్రీట్ చేసిన గడ్డి కలిపి, తేమ 60 – 65 శాతం, 28 – 30 డిగ్రీల్లో ట్రేలలో 5 – 7 రోజులు పెంచి నీళ్ళతో పిండితే ఎంజైమ్ వస్తది. దాని బదులు మన వరి తవుడు వాడితే అందులో నూనె ఎక్కువ కాబట్టి నూనె తీసిన తవుడు తీసుకో. ట్రే రెండు అంగుళాల కంటే మందం పెట్టొద్దు, నడిమిట్ల వేడెక్కి ఫంగస్ చస్తది, ఎండాకాలంల ఏసీ గది లేకుండా చేయనే వద్దు. ట్యాంకులో చేయాలనుకుంటే లాక్టోజ్ ఇస్తే సెల్యులేజ్ వదుల్తది, సిటీలో పనీర్ చేసేటోళ్ళు పారబోసే నీళ్ళల్లో లాక్టోజ్ 4 – 5 శాతం ఉంటది, ట్రై చేయదగ్గది. గ్లూకోజ్ మాత్రం ఎక్కువ పెట్టకు, కడుపు నిండిన ఫంగస్ ఎంజైమ్ చేయదు, రట్ సి30లో ఆ అడ్డు చాలా మటుకు తెగిపోయింది కాబట్టే దానికి అంత గిరాకీ. జీన్స్ వాషింగ్, పశువుల దాణా, పండ్ల రసం, ఈ మూడింట్ల సెల్యులేజ్, జైలనేజ్ (జైలాన్‌ని విరగ్గొట్టే ఎంజైమ్) కొనేటోళ్ళు ఉన్నరు, వాళ్ళకి గ్లూకోజ్ అంతా అక్కర్లేదు, పైపైన కొరికితే చాలు కాబట్టి డోసు తక్కువ, ధర నయం. దాణాకి అమ్మాలంటే మైకోటాక్సిన్ (ఫంగస్ చేసే విషం) పరీక్షలు చేయించాలె, ఆస్పర్జిల్లస్ వాడితే మరీ.

కల్చర్ కోసం ఎరువుల షాపుకి పోవద్దు, సూక్ష్మజీవుల కల్చర్లు దాచి ఇచ్చే చండీగఢ్ ఎంటీసీసీ నుంచి గానీ పుణె ఎన్‌సీఐఎం నుంచి గానీ కాలేజీ లెటర్ మీద, నీ గైడ్ సంతకంతో తెప్పించుకో, పేరుతో పాటు నంబర్ రాసిపెట్టుకో. వచ్చినాక వెంటనే గ్లిజరాల్‌లో స్టాక్ చేసి గడ్డకట్టించి పెట్టు, ప్లేటు నుంచి ప్లేటుకి మార్చుకుంట పోతే నెలల్లో ఎంజైమ్ చేయడం మానేస్తది. స్పోర్లు (ఫంగస్ విత్తనాల పొడి) పచ్చగా లేస్తయ్, మాస్క్ లేకుండా ట్రేలు తెరవకు, నాకు తెలిసిన ఇద్దరు ముగ్గురికి దాని వల్లనే దగ్గు పట్టుకుంది. ప్రీట్రీట్ చేసి రీడింగులు తీసినాక ఆ నంబర్లు పెట్టు, బ్లాంకులతో సహా, చూసి చెప్తా.